నుదురు పొడిగా ఉన్నది

పులివెందుల చర్చి హాస్టల్లో పొద్దున ఐదుకు గంట కొట్టేది బ్రదర్ శౌరి. గంట కొట్టి, నలభై మంది పిల్లల దుప్పట్లు లాగి, పళ్ళపొడి పంచి, వాళ్ళను గుళ్ళో కూర్చోబెట్టి, ఆ తర్వాత తన మొహం తాను కడుక్కునేవాడు. టవలుతో బుగ్గలూ మెడా తుడుచుకునేవాడు గానీ నుదురు జోలికి పోయేవాడు కాదు. పోయినా లాభం లేదు. టవలు దించేలోగా చుక్క మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఆ చుక్క సంగతి చెప్పాల. ముద్దనూరు పక్కన బాయికాడిపల్లె అని ఉంది. ఎప్పుడో ఒక కరువులో తెల్లఫాదరు ఒకాయన గంజి పోయించి పల్లె మాదిగోళ్ళ చేత ఒక బాయి తవ్వించినాడు. ఆ బాయి నీళ్ళతో జ్ఞానస్నానం పొందినవాళ్ళ నుదుట ఒక చుక్క నిలబడిపోతుంది. జొన్నగింజంత ఉంటుంది. మే నెల ఎండకు కూడా ఆరదు. థర్మల్ ప్లాంటు బూడిద గాలికి ఎగిరొచ్చి దానికి అంటుకొని, సాయంత్రానికి పల్లెలో అందరి నుదుళ్ళ మీదా ఒక బురదచార మిగులుతుంది. ఆధార్ ఫోటో తీసే పిల్లోడు తల రవ్వంత వంచమంటాడు, మెరుపు పడకుండా. మంగలి దాన్ని వేలితో పక్కకు తోసి క్రాపు దువ్వుతాడు. ఆడపిల్లలు స్టిక్కరు పెట్టుకుంటే పొద్దున తొమ్మిదికంతా ముక్కు మీదికి జారుతుంది. ఇంతకు మించి ఆ చుక్క గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

చుక్క రెడ్లకూ ఉంది. ఎప్పుడో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కతోలిక రెడ్లు ఇరవై ఇళ్ళవాళ్ళు. అదే బాయి, అవే నీళ్ళు, అదే చుక్క. తేడా ఒక్కటే. రెడ్డి నుదుట చుక్క ఉంటే రెడ్డి రెడ్డిగానే ఉంటాడు. మాదిగోని నుదుట చుక్క ఉందా, గవర్నమెంటు దృష్టిలో వాడు మాదిగోడు కాకుండా పోతాడు. ఎస్సీ పోయి బీసీ-సి అవుతాడు. నూటికి పదిహేను ఉద్యోగాల వరసలో నుంచి తీసి, నూటికి ఒకటి వరసలో నిలబెడతారు. ఊర్లో మాత్రం వాడు మాదిగోడే. ఆ సంగతి ఏ చట్టమూ మార్చలేదు.

అందుకే పల్లెలో ప్రతి మనిషికీ రెండు పేర్లు, గుడి పేరు ఒకటి, బడి పేరు ఒకటి. శౌరి బడిలో ఓబులేసు. చెల్లెలు జ్ఞానమ్మ బడిలో భావన. వాళ్ళమ్మ లూర్దమ్మ రేషన్ కార్డులో లక్ష్మీదేవి. పిల్లలకు బడి పేర్లు పెట్టింది ఆ బడి అయ్యవారు పద్మనాభయ్య సారు. చేర్పించడానికి ఎవరొచ్చినా, గుడి పేరు వద్దులేప్పా, రేపు సర్టిఫికెట్టు కాడ తంటా అని, తనే కాసేపు ఆలోచించి ఒక పేరు రాసేవాడు. సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు కూడా మంచోళ్ళే. తుడుచుకొని రాపో అని బయటికి పంపి, మనిషి తిరిగొచ్చే సరికి తల దించుకొని కాగితం మాత్రమే చూసి సంతకం పెట్టేవాళ్ళు. అట్లా డెబ్భై ఏండ్లు నడిచింది. అబద్ధమా అంటే అబద్ధమే. బతుకా అంటే బతుకే.

దాన్ని చెడగొట్టింది శౌరి.

ఫాదర్లను తయారుచేసే గురుమఠంలో తత్వశాస్త్రం అయినాక, ఒక ఏడు ఏదన్నా ఊరి చర్చిలో పనిచేసి రమ్మని వాణ్ణి పులివెందులకు పంపినారు. పిల్లల మంచి చెడ్డలు చూస్తూ, తీరిక దొరికినప్పుడు బిషప్పుగారి మేత్రాసనం మాసపత్రికకు ‘గురువిద్యార్థి ఆలోచనలు’ అని నెలనెలా రాసేవాడు. కువైటుకు ఇంటిపనికి పోయి పెట్టెలో తిరిగొచ్చే ఆడవాళ్ళ గురించి రాసినాడు. బండల పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ముకు ఊపిరితిత్తులు పోగొట్టుకున్నోళ్ళ గురించి, వాళ్ళలో తన నాయన గురించి రాసినాడు. ఫాదర్లు భుజం తట్టినారు. భుజం తడితే ఆగే వయసు కాదది. నవంబరులో ఆత్మల పండగకు, బాయికాడిపల్లె సమాధుల దొడ్లో రెడ్లకూ పల్లెకూ మధ్య ఉన్న గోడ గురించి రాసినాడు.

“నాలుగు తరాలుగా మేము కతోలికులం. క్రీస్తులో కులం లేదంటుంది ప్రభుత్వం, కాబట్టి మాకు రిజర్వేషన్ లేదు. క్రీస్తులో కులం లేదంటుంది గుడి కూడా. మరి సమాధుల మధ్య ఈ గోడ ఎవరికోసం?” అని అడిగినాడు. బాగా అడిగినాడు, కాదనే వీల్లేదు. అంతటితో ఊరుకున్నా పోయేది. పక్కన ఒక ఫోటో వేయించినాడు. బాయి ముందర అమ్మ, చెల్లెలు, తాను, ఎండకు మూడు నుదుళ్ళూ మెరుస్తుండగా. కింద పేర్లు, గుడి పేరూ బడి పేరూ రెండూ. ఎందుకయ్యా అంటే నిజాయితీ అంట. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని చదువురాని వాళ్ళమ్మకు తెలుసు గానీ, అంత లావు పుస్తకాలు చదివిన వీడికి తెలియలేదు.

అప్పటికి భావన టీచరుగా చేరి రెండు నెలలు కూడా కాలేదు. సింహాద్రిపురం దగ్గర బడి, ఎస్సీ కోటాలో వచ్చిన పోస్టు. దానికోసం ఐదేండ్లు ప్రొద్దుటూరులో బట్టలషాపులో పగలంతా చీరలు మడిచి, సందు దొరికినప్పుడల్లా డీఎస్సీకి చదివింది. డిసెంబరులో నోటీసు వచ్చింది. క్రైస్తవురాలై ఉండి ఎస్సీ సర్టిఫికెట్టుతో ఉద్యోగం పొందినావని ఫిర్యాదు వచ్చింది, ఫలానా తేదీన జమ్మలమడుగులో విచారణకు రావాల, రుజువైతే ఉద్యోగం రద్దు, పైన క్రిమినల్ కేసు అని. నోటీసుకు జతగా మాసపత్రిక పేజీ జెరాక్సు. నల్లటి మొహాల మీద మూడు తెల్లచుక్కలు తప్ప జెరాక్సులో ఇంకేమీ సరిగ్గా పడలేదు.

శౌరి ఇంటికొచ్చినాడు. భావన తలుపు దగ్గరే నిలబెట్టి అడిగింది.

“గోడ గురించి రాయమని నిన్ను నేను అడిగిన్యానా అన్నా? ఈ ఉద్యోగం నాకు దేవుడియ్యలేదు, చర్చి ఇయ్యలేదు. నా కాళ్ళు వాచేదాకా నిలబడి తెచ్చుకున్యా.”

లూర్దమ్మ కొడుక్కు సంగటి పెట్టి, పక్కన కూర్చొని, “నువ్వు రాసింది నిజమేలే నాయనా. నిజం చెప్పినోనికి ఏమీ పోలేదు సూడు. పోయేది దానిది” అనింది. శౌరి కంచం పక్కకు జరిపినాడు. ఆ ఉద్యోగం పోతే చెల్లెలి ముఖం జన్మలో చూడలేనని వానికి ఆ పూటే తెలిసిపోయింది.

మరుసటి దినం, ఫిర్యాదు పెట్టిన సంఘపెద్ద చిన్నపురెడ్డి ఇంటికి పోయినాడు. చిన్నపురెడ్డి పెద్దమనిషి, ఆదివారం పూజ తప్పడు, నుదుటి చుక్క నిండుగా ఉంటుంది. కుర్చీ వేయించినాడు, మజ్జిగ తెప్పించినాడు. కుర్చీ బ్రదరుకు. మజ్జిగ మాత్రం కాగితం గ్లాసులో, అది పల్లె పిల్లోనికి. ఆ ఫిర్యాదు వెనక్కి తీసుకోమని శౌరి బతిమాలినాడు.

“మేమేమన్నా అబద్ధం రాసినామా బ్రదర్?” అన్నాడాయన నెమ్మదిగా. “నీ పత్రికే జత చేసినాం. నువ్వు మా గోడ సంగతి లోకానికి చెప్తివి. మేం మీ చుక్క సంగతి చెప్తిమి.”

అక్కణ్ణుంచి పల్లె గుడి ఫాదరు దగ్గరికి పోయినాడు. గుడి తరఫున అబద్ధపు ఉత్తరం ఇవ్వకూడదనీ, నిజపు ఉత్తరం ఇస్తే మీకే నష్టమనీ చెప్పి, ఫాదరు జపమాల చేయమన్నాడు. పాపం, ఆయనా రాయేమీ కాదు. ఆఫీసువాళ్ళు జ్ఞానస్నానాల రిజిస్టరు అడిగితే చెదలు తినేసిందని చెప్పి పంపినాడు. ఆ అబద్ధం ఒప్పుకొని ఆ రాత్రి ఆయన పాపసంకీర్తనం ఎవరి దగ్గర చేసుకున్నాడో మనకు తెలియదు.

దారి చూపించింది పద్మనాభయ్య సారే. రిటైరై ముద్దనూరులో ఉంటున్నాడు. శౌరి చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి పంచెకు తుడుచుకున్నాడు. ఆ తర్వాత, మీ పల్లె కోసం రెండువందల అబద్ధాలు నా చేత్తో రాసినా శౌరీ, ఒక్కటి మిగిలిపోయింది, అది నువ్వే చెప్పాల అన్నాడు. చెప్పాల్సిందేమిటో కూడా ఆయనే కూర్చి పెట్టినాడు. శౌరి ఒక్కడే పెద్దయినాక తన ఇష్టం కొద్దీ మతంలో కలిసినాడు. అమ్మా చెల్లెలూ ఎప్పటికీ హిందువులే. నాలుగు తరాల మాట గొప్పకోసం రాసుకున్నది. మరి నుదుటి చుక్కలో అని శౌరి అడిగితే, కుంకుమతో కప్పి చూద్దాంలే అన్నాడు సారు.

జనవరిలో ఆ తేదీ రానే వచ్చింది. సారు భార్య సీతమ్మ పొద్దున్నే లూర్దమ్మను పిలిపించి, అరవై ఏండ్ల జీవితంలో మొదటిసారి ఆమె నుదుట కుంకుమ పెట్టింది. భర్త పోయిన మనిషికి కుంకుమ ఏందమ్మా అని లూర్దమ్మ వెనక్కి జరిగితే, సీతమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకొని, ఈ ఒక్కపూటకు ఆ స్వామే క్షమిస్తాడులే అనింది. ఏ స్వామో ఆమె చెప్పలేదు, ఈమె అడగలేదు. ముద్దనూరు దాటకముందే కుంకుమ కరిగి ముక్కు మీదికి ఎర్రగా కారింది.

ఆటో వలి బాషాది. పదేండ్లు కువైటులో బండి తోలి వచ్చినాడు. అద్దంలో వెనక్కి చూసి, కొంగుతో తుడుచుకుంటే ఇంకా పూసుకపోతాది, ఇడ్సిపెట్టు పెద్దమ్మా అన్నాడు. గేరు మార్చి, మా నాయన నుదుట నమాజు చేసి చేసి కట్టిన కాయ ఉండ్య, దానికి ఇంతవరకూ ఎవరూ నోటీసు ఇయ్యలేదు, ముందు ముందు ఏమవుతాదో అన్నాడు. 

విచారణ చేసే ఆఫీసరమ్మ చిన్న వయసు మనిషి. కసురుకోలేదు, కూర్చోమనింది. బెంచీకి ఆ చివర చిన్నపురెడ్డి, ఈ చివర వీళ్ళు ముగ్గురు. భావన స్టిక్కరు అప్పటికే జారి ముక్కు మీదికొచ్చింది. ఆఫీసరమ్మ బడి రికార్డులన్నీ చూసి పక్కన పెట్టి, శౌరిని లేచి నిలబడమనింది.

“మీ అమ్మగారు బాప్టిజం తీసుకున్నారా?”

“లేదు మేడం” అన్నాడు శౌరి.

అనగానే నుదుట చల్లగా తగిలింది. తన చుక్క పక్కన ఇంకో చుక్క. తల తిప్పి చూస్తే అమ్మ ముక్కు మీది కుంకుమచార కారడం ఆగిపోయి ఉంది.

“మీ చెల్లెలు?”

“లేదు.”

మూడో చుక్క వచ్చి కూర్చుంది. మూడింటి బరువుకు నీళ్ళు కనుబొమలోకి జారినాయి.

“మరి పత్రికలో నాలుగు తరాలని ఉందే?”

“పేరు కోసం రాసుకున్నా మేడం. అబద్ధం.”

జీవితంలో వాడు రాసిన ఒకే ఒక్క పూర్తి నిజాన్ని అట్లా అబద్ధం చేసి కూర్చున్నాడు. ఆఫీసరమ్మ లేచి వచ్చి, టిష్యూ కాగితంతో భావన నుదురు తనే తుడిచి, గడియారం చూస్తూ నిలబడింది. రెండు నిమిషాలు గడిచినాయి. ఏమీ రాలేదు. లూర్దమ్మ నుదురు కూడా తుడిచి చూసింది. వెనక్కి పోయి ఫైల్లో రాస్తూ గట్టిగా చదివింది. “ఫిర్యాదుదారు చెప్పిన నీటిచుక్క వీరికి లేదు. నుదురు పొడిగా ఉన్నది.” ఉద్యోగానికి అడ్డం లేదని చెప్పి, కొత్త సాక్ష్యం ఏదన్నా వస్తే మాత్రం ఫైలు మళ్ళీ తెరుస్తామనింది. ఆ మాట చిన్నపురెడ్డి శ్రద్ధగా విన్నాడు.

తిరుగుదారిలో భావన ఏడుస్తూ నవ్వుతూ అన్న చెయ్యి వదల్లేదు. లూర్దమ్మ మాత్రం నుదురు తడుముకుంటా ఉంది. ఇంటికి పోయి చీర కూడా మార్చుకోకుండా బాయి దగ్గరికి పోయింది. ఒక బిందె చేది తల మీద పోసుకుంది, ఇంకో బిందె పోసుకుంది. ఒళ్ళంతా తడిసింది గానీ నుదుట ఒక్క బొట్టు ఆగలేదు. వెనకాలే వచ్చి నిలబడిన కొడుకును చూసి అడిగింది.

“దానికి ఉద్యోగం మిగిలింది. నీళ్ళు నీకొచ్చినాయి. నాకేంది నాయనా?”

శౌరి తన నుదుటి తడి అరచేతికి అద్దుకొని అమ్మ నుదుటికి రాసినాడు. కాలిన పెంకు మీద పోసినట్టు అది చేతి కిందే ఇంకిపోయింది. చిన్నప్పుడు తనను చంకనేసుకొని, నిద్రపోతున్న తన చుక్కకు రోజూ ముద్దుపెట్టిన మనిషిని వాడు తల తుడిచి ఇంటికి నడిపించుకొని పోయినాడు.

ఆ తర్వాత జరిగిందే అసలు వింత. ఎవడైనా నిజం చెప్పి పేరు తెచ్చుకుంటాడు, మావాడు అబద్ధం చెప్పి తెచ్చుకున్నాడు. మూడు చుక్కల బ్రదరని పులివెందుల నుంచి ప్రొద్దుటూరు దాకా పాకింది. బిషప్పు మేత్రాణులు పిలిపించుకొని చూసి, ఇది త్రిత్వానికి గుర్తు, ఈ పిల్లోనికి దైవపిలుపు గట్టిగా ఉందని ఫాదర్ల ముందర అన్నారు. జబ్బుపిల్లల్ని తెచ్చి వాని నుదుటి నీళ్ళు అద్దించుకునేవాళ్ళు. చిన్నపురెడ్డి కూడా మనవణ్ణి తెచ్చి, చెయ్యిపెట్టు బ్రదర్ అని తల వంచినాడు. ఎవరి చుక్కలివి అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. శౌరి చెప్పబోయినాడు, రెండుసార్లు. చెప్తే చెల్లెలి ఉద్యోగం పోతుంది. నోరు మూసుకొని చెయ్యి పెట్టినాడు. మాసపత్రికవాళ్ళు ఆలోచనలు పంపమని ఫోన్ చేస్తే, ఆలోచనలు రావడం లేదని చెప్పినాడు.

లూర్దమ్మ నాలుగు ఆదివారాలు పూజకు పోలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. నుదురు పొడిగా ఉన్నామె ఎందుకొస్తుంది? ఇంట్లోనే, కొంగు కింద వేళ్ళు లెక్కపెట్టుకుంటూ జపం చేసుకునేది, కిటికీ మూసి. పుట్టినప్పటి నుంచి దాచుకోకుండా చేసిన పనిని ఇప్పుడు దొంగతనంగా చేయాల్సి వచ్చింది.

ఫిబ్రవరిలో లూర్దుమాత పండగ. బాయికాడిపల్లెకు అదే పెద్ద పండగ. ఆ దినమే పుట్టిందని లూర్దమ్మకు ఆ పేరు. సత్ప్రసాదం పంచడానికి శౌరికి మేత్రాణుల అనుమతి వచ్చింది. ఆ గుళ్ళో ఒక పద్ధతి ఉంది. పండగకు హిందువులొస్తారు, సాయిబులొస్తారు, మొక్కులుంటాయి. అందుకని సత్ప్రసాదం ఇచ్చేవాళ్ళు ముందు నుదురు చూస్తారు. చుక్క ఉంటే, క్రీస్తు శరీరమని చెప్పి పలచటి అప్పం బిళ్ళ నాలుక మీద పెడతారు. లేకుంటే తల మీద చెయ్యి పెట్టి, దేవుడు మిమ్మల్ని చల్లగా చూచుగాక అని పక్కకు పంపుతారు. ఎవరికీ బాధ ఉండదు.

వరసలో అమ్మ కనిపించింది. ఉతికిన తెల్లచీర, తల మీద కొంగు, చేతులు కట్టుకొని వంచిన తల. నెల దినాలకే సగమైపోయి ఉంది. ఆమె వెనకే చిన్నపురెడ్డి. ఆయన వెనక ఎవరి పిల్లోడో ఫోన్ పైకెత్తి పూజంతా వీడియో తీస్తున్నాడు.  ముందరున్న ఐదుగురికీ ఎవరికి ఏం పెట్టినాడో శౌరికి తెలియదు. ఇస్తే అది సాక్ష్యం. ఇవ్వకపోతే తన నాలుకకు అన్నం ముద్ద నేర్పిన అమ్మకు తాను దేవుణ్ణి లేదనడం. ఆమె వచ్చి ఎదురుగా నిలబడి తల ఎత్తింది. ఎండిన నుదురు. కళ్ళల్లో మాత్రం ఆకలి, చెప్పుకోలేనంత ఆకలి.

శౌరి అప్పం తీసినాడు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాడు, ఒట్టు, ఆ క్షణం అట్లాగే అనుకున్నాడు. చెయ్యి ఆమె పెదవుల దాకా పోయింది.

లూర్దమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. రెండు చేతులూ జోడించి, వెనకున్న చిన్నపురెడ్డికీ ఆ ఫోనుకూ వినపడేంత గట్టిగా చెప్పింది.

“నాకొద్దు సామీ. మేం హిందువులం. పండగ సూసిపోదామని వచ్చినా.”

శౌరి ఎడమచెయ్యి ఆమె తల మీద పెట్టినాడు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూచుగాక అన్నాడు. మిమ్మల్ని అన్నాడు. ఆమె సరేనన్నట్టు తల ఊపి పక్కకు జరిగి, పీర్ల పండగ చూడొచ్చిన పరాయి మనిషిలాగా గోడవారగా పోయి నిలబడింది.

అప్పం ఇంకా వాని వేళ్ళ మధ్యే ఉంది. చిన్నపురెడ్డి ముందుకొచ్చి, కళ్ళు మూసుకొని నోరు తెరిచినాడు.

“క్రీస్తు శరీరము” అన్నాడు శౌరి.

“ఆమెన్” అన్నాడు చిన్నపురెడ్డి.